త్యాగయ్యగారి తిథి, మన కాలనీ ఆదివారం

మన సంఘం కార్యవర్గ సమావేశంలో ప్రతి ఏటా డిసెంబరు నెల రాగానే ఒక చర్చ తప్పనిసరిగా వస్తుంది. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమినాడే జరపాలా, లేక ఆ దగ్గరలో వచ్చే ఆదివారం జరపాలా అన్నదే ఆ చర్చ. పింఛను విషయం, మెడికల్ బిల్లుల విషయం ఒక గంటలో తేలిపోతాయి గానీ ఇది మాత్రం తేలదు. క్రితంసారి ఒక యువ సభ్యుడు (అరవై రెండేళ్ళ వారిని మన సంఘంలో యువ సభ్యులనే అంటాం) లేచి, "త్యాగయ్యగారు సిద్ధి పొందిన నాటి నుంచీ ఇలాగే జరుగుతున్న ఉత్సవాన్ని మార్చడానికి మనమెవరం?" అని గట్టిగా అడిగారు. దానికి జవాబు అక్కడ చెప్పడానికి వ్యవధి లేకపోయింది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు కనుక ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తిథి సంగతి. త్యాగరాజస్వామి 1767 మే 4న తిరువారూరులో పుట్టి, 1847 జనవరి 6న తిరువయ్యారులో కావేరి ఒడ్డున సిద్ధి పొందారు. ఆ రోజు పుష్య బహుళ పంచమి. అంతకు కొద్దిరోజుల ముందే వారు సన్యాసం స్వీకరించారు. సన్యాసి దేహాన్ని దహనం చేయరు, సమాధి చేస్తారు. సన్యాసికి తద్దినం పెట్టరు, ఆరాధన చేస్తారు. కనుకనే మనం త్యాగయ్యగారి "వర్ధంతి" అనకుండా "ఆరాధన" అంటున్నాం. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దీపావళినాడు ఎట్టయపురంలో పరమపదించారు. ఇంటింటా దీపాలు పెట్టుకునే రోజు కాబట్టి గాయకులకు వారి తిథి గుర్తుండిపోయింది. తిరువారూరులోనే పుట్టిన మూడవవారు శ్యామశాస్త్రిగారు. ఆయన 1827లో మాఘమాసంలో వెళ్ళిపోయారు. ఆయన తిథి గుర్తుపెట్టుకుని చేసే ఊళ్ళు మిగిలిన ఇద్దరి కంటే తక్కువే.

తిథిని ఇంగ్లీషు క్యాలెండరులో పట్టుకోవడం కష్టం. చాంద్రమాన సంవత్సరానికి రమారమి 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకు దూకుతుంది. 2023లో ఆరాధన జనవరి 11న వచ్చింది. ఆ ఏడాది అధిక శ్రావణం రావడంతో 2024లో జనవరి 30కి పోయింది. 2025లో జనవరి 18న వచ్చింది. ఇది తెలియని మన పాత క్యాంటీన్ కాంట్రాక్టరు ఒకాయన, "మీ స్వామివారి పుట్టినరోజు ప్రతిసారీ మారుతుందేమిటి సార్, ప్రమోషన్ తేదీ లాగా" అనేవాడు. పుట్టినరోజు కాదయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఇక "నాటి నుంచీ ఇలాగే" అన్న మాట. నిజానికి 1847 తర్వాత అరవై ఏళ్ళ పాటు తిరువయ్యారులో పెద్ద ఉత్సవమంటూ లేదు. శిష్యులు ఎవరి ఊళ్ళో వారు, ఎవరి ఇంట్లో వారు గురువుగారి తిథి జరుపుకున్నారు. సమాధి చుట్టూ పొదలు పెరిగాయి. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని వెతికి బాగు చేయించారు. వీరిద్దరూ త్యాగయ్యగారి దగ్గర స్వయంగా నేర్చుకున్నవారు, అప్పటికి బాగా వృద్ధులు. తర్వాత అయిదారేళ్ళకు తిల్లైస్థానం నరసింహ భాగవతార్ ప్రభృతులు సంగీత విద్వాంసులను పిలిచి ఉత్సవంగా జరపడం మొదలుపెట్టారు. మొదలుపెట్టిన ఒకటి రెండేళ్ళకే తగాదా వచ్చింది. సంఘాల సంగతి మనకు తెలియనిదా! పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు పక్షాలయ్యాయి. వయొలిన్ విద్వాంసులు మలైక్కోటై గోవిందస్వామి పిళ్ళై చిన్న కక్షికి పెద్ద. ఈ రెండు కక్షుల తేడా మన చర్చకు దగ్గరి సంగతి: చిన్న కక్షివారి ఉత్సవం పంచమితో ముగిసేది, పెద్ద కక్షివారిది పంచమినాడు మొదలై మరి నాలుగు రోజులు సాగేది. అంటే అసలైన తిరువయ్యారులోనే ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే స్వామికి రెండు ఉత్సవాలు జరిగాయన్నమాట.

రెండు కక్షులూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయి. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు. ఆ రోజుల్లో కచేరీలు చేసే స్త్రీలు చాలామంది దేవదాసీ కుటుంబాల వారు కావడం అందుకు కారణం.

ఇక్కడ బెంగుళూరు నాగరత్నమ్మగారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. మద్రాసులో పెద్ద పేరు, ఆస్తి సంపాదించారు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనము"ను 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠంతో ప్రచురించినది ఈవిడే. దాన్ని బూతు పుస్తకమని ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. అటువంటి ధైర్యం గల మనిషికి, 1921 ప్రాంతంలో సమాధి మళ్ళీ పాడుబడి ఉందని కబురు అందింది. ఆమె వెళ్ళి చూశారు. స్థలం కొన్నారు. నగలు, ఇల్లు అమ్ముకున్నారు. గుడి కట్టించి, విగ్రహం చేయించి, 1926 జనవరి 7న ప్రతిష్ఠ జరిపించారు. గుడి ఆమె కట్టించినదే, అయినా ఆ గుడి ముందు పాడటానికి ఆమెకు అనుమతి లేదన్నారు! ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. గుడి వెనుక వైపు స్త్రీలతో ఒక మూడో ఉత్సవం మొదలుపెట్టి, అక్కడ హరికథ చెప్పారు, పాడారు, పాడించారు. దానికి జనం "ఆడవాళ్ళ కక్షి" అని పేరు పెట్టారు. 1940 ప్రాంతంలో మూడు కక్షులూ ఏకమై ఒకే సభగా ఏర్పడినప్పుడు గాని స్త్రీలకు పురుషులతో పాటు అక్కడ పాడే హక్కు రాలేదు. నాగరత్నమ్మగారు 1952లో కన్నుమూశారు. త్యాగయ్యగారి సన్నిధికి ఎదురుగా ఆమె సమాధి, ఆమె విగ్రహం ఉన్నాయి. నేను 1994లో తిరుచ్చి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి తంజావూరు, తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు టౌన్ బస్సులో తిరువయ్యారు వెళ్ళి చూశాను. విగ్రహం చేతులు జోడించుకుని స్వామి వైపే చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది.

ఇంకొక సంగతి. పంచరత్న కీర్తనలు అయిదింటినీ, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల వరుసలో, అందరూ కలిసి గోష్ఠిగా పాడటం ఈనాడు ఆరాధనకు ప్రాణం. మనవాళ్ళు అది లేకపోతే ఆరాధనే కాదంటారు. అయితే అది కూడా ఈ ఏకీకరణ తర్వాత, 1940లలో స్థిరపడిన పద్ధతే. అంటే మన సంఘంలో పెద్దవారైన కొందరి వయస్సు కంటే ఆ సంప్రదాయం వయస్సు చిన్నది! రేడియోలో తిరువయ్యారు ప్రత్యక్ష ప్రసారం వినీ వినీ, ఇది అనాదిగా వస్తున్నదని మన చెవులకు అలవాటైపోయింది.

మన తెలుగుదేశానికి ఈ ఆరాధన రేడియో కంటే ముందే శిష్య పరంపరలో వచ్చింది. త్యాగయ్యగారి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారు బెజవాడలో గురువుల ఆరాధన ఏటా జరిపేవారు. ఎనిమిదేళ్ళ కుర్రవాడు మంగళంపల్లి మురళీకృష్ణ త్యాగరాజ ఆరాధన సందర్భంగా మొదటిసారి పూర్తి కచేరీ చేసింది ఆ బెజవాడలోనే. ఆ తర్వాతే ఆయన పేరుకు ముందు "బాల" చేరింది. 1930లో పుట్టిన ఆయన 2016లో పోయేదాకా, ఎనభై దాటినా బాలుడే.

మన ప్రాంతానికి వస్తాను. కృష్ణా గోదావరి జిల్లాల వారు, తంజావూరు వారు వచ్చేదాకా సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు సంగీతమే లేదన్నట్టు మనలో కొందరు మాట్లాడుతుంటారు. ఆ మాట నాకు నచ్చదు. కల్యాణి చాళుక్యుల కాలంలో పటాన్‌చెరు పొట్టలకెరె అనే పేరుతో ఒక ఉపరాజధాని. ఆ వంశపు రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన "మానసోల్లాసం"లో గీతానికి, వాద్యానికి, నృత్యానికి ప్రత్యేక భాగాలున్నాయి. ఆయన కుమారుడు జగదేకమల్లుడు "సంగీత చూడామణి" అనే గ్రంథమే రాశాడు. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ కొల్చారం వాడు. ఆనాటి రాజులను వదిలేసినా, ఈ చుట్టుపక్కల గ్రామాల్లో రాత్రిపూట తాళాలు, చిరుతలు పట్టుకుని భజనలు చేసే సమాజాలు ఫ్యాక్టరీలకంటే ఎంతో ముందునుంచీ ఉన్నాయి.

ఫ్యాక్టరీలు 1960లలో రామచంద్రాపురంతో మొదలై, 70లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఇక్రిశాట్, 80లలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, ఇలా ముంబయి రోడ్డు పొడవునా వచ్చాయి. వాటితో పాటు తిరుచ్చి నుంచి, విశాఖ నుంచి, భోపాల్ నుంచి మనుషులు వచ్చారు. మన కాలనీలో మొదటి ఆరాధన 1970ల చివరలో, కమ్యూనిటీ హాలు ఇంకా కట్టకముందు, ఒక క్వార్టరు వరండాలో జరిగింది. టర్నింగ్ షాపులో పనిచేసే కుంభకోణం ఆయన ఒకరు మృదంగం, ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసే గుంటూరు ఆయన వయొలిన్. తంబుర లేదు, శ్రుతికి హార్మోనియం. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తర్వాత ఎప్పుడో వచ్చింది. స్వామివారి పటం సుల్తాన్‌బజార్ నుంచి 7వ నంబరు సీటు మీద కూర్చోబెట్టి, టికెట్ కూడా కొట్టించి బస్సులో తెచ్చాం. తిరువయ్యారులో కావేరి పక్కన కూర్చుని పాడతారు. మనకు కుళాయిలో వచ్చే మంజీరే కావేరి. 80లలో గాలి పటాన్‌చెరు వైపు నుంచి మళ్ళితే రసాయనాల వాసనకు గౌళరాగంలో ఉన్నవాళ్ళు దగ్గు అందుకునేవారు.

ఉంఛవృత్తి తెల్లవారుజామున అయిదున్నరకు. ఎందుకంటే ఏ-షిఫ్టు వాళ్ళు అప్పటికి ఇల్లు దాటుతారు, జనరల్ షిఫ్టు వాళ్ళు ఏడింటికి సైకిళ్ళు తీస్తారు, ఈ మధ్యలో వీధులు తిరగాలి. త్యాగయ్యగారు రాజాస్థానాన్ని కాదని భిక్షాటన చేసుకుని బతికారు. మనమేమో హాజరు చిట్టీ భయంతో పరుగెడుతూ ఆ భిక్షాటన చేసేవాళ్ళం. ఇక పంచమి పనిరోజున వస్తే, తొమ్మిది గంటల గోష్ఠికి మగవాళ్ళు ఉండేవారు కాదు. మొదటి రెండేళ్ళు ఆడవాళ్ళ వంతు పులిహోర, హారతి మాత్రమే. మూడో ఏడు పంచమి మంగళవారం వచ్చింది, హాలులో మృదంగం తప్ప మనిషి లేడు. అప్పుడు ఈ-టైపు క్వార్టర్లలో ఉండే ఒక మామిగారు (అందరం ఆమెను మామి అనే పిలిచేవాళ్ళం), మా ఆవిడ, ఇంకో పదిమంది కూర్చుని అయిదు కృతులూ పాడేశారు. అప్పటిదాకా వారు పాడగలరన్న సంగతి మన కమిటీ వారికి తెలియదు! సాయంత్రం మగవాళ్ళు వచ్చి, "ఆదివారం మళ్ళీ సరిగ్గా చేద్దాం" అన్నారు. మామిగారు పటానికి ఉన్న దండ సవరిస్తూ, "మేము చేసింది సరిగ్గానే ఉందండీ. మీరు ఆదివారం మీది చేసుకోండి" అన్నారు. ఆ ఏడాది నుంచి పంచమి ఆడవారిది, ఆదివారం అందరిది అయింది. తిథి, ఆదివారం అని ఈనాడు మనం కొట్టుకుంటున్న చర్చ మూలం ఇదే. ఇందులో శాస్త్రం కంటే షిఫ్టుల పట్టికే ఎక్కువ.

రెండో చర్చ రామదాసుగారి గురించి. ఫౌండ్రీలో పనిచేసే ఇంద్రేశం వైపు మిత్రుడు ఒకాయన, వాళ్ళ ఊరి భజన సమాజానికి పెద్ద, 1985 ప్రాంతంలో ఒకసారి నన్ను పక్కకు పిలిచి అడిగారు: "సారూ, త్యాగయ్యకు దినం చేస్తున్రు, మంచిదే. మా రామదాసుకు దినం లేదా? గోలకొండ జైల్ల గన్నేండ్లున్నడు. ఈడికెంచి గోలకొండ ఎంత దూరమున్నది?" నిజమే. మన గేటు ముందు బస్సెక్కితే గంట ప్రయాణం.

కంచెర్ల గోపన్న ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయన మేనమామలు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. అంటే ఆయన కూడా మనలాగే సర్కారు ఉద్యోగి! వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, లెక్క చెప్పలేక గోలకొండ ఖైదులో పన్నెండేళ్ళు గడిపాడని ప్రతీతి. ఆడిట్ విభాగంలో పనిచేసి వచ్చిన మన సభ్యులు ఒకరు ఈ కథ విన్నప్పుడల్లా, "భక్తి వేరు, బడ్జెట్ హెడ్ వేరు" అని తల ఊపుతారు. కీర్తనల్లో గోపన్న రాముణ్ణి నిలదీస్తాడు, ఖర్చు పద్దులు చదివి వినిపిస్తాడు, మళ్ళీ క్షమించమంటాడు. 1687లో ఔరంగజేబు చేతికి గోలకొండ చిక్కింది. కొలువు పోయింది, కోట పాడైంది. కీర్తనలు మాత్రం భజన గోష్ఠుల వెంట దక్షిణానికి నడిచిపోయాయి.

ఎంత దూరం నడిచాయంటే, నూరేళ్ళ తర్వాత కావేరి ఒడ్డున ఉన్న త్యాగయ్యగారి చెవిన పడ్డాయి. దేవగాంధారి రాగంలోని "క్షీరసాగరశయన" కృతిలో రామదాసు బంధం రాముడు తీర్చిన సంగతి విన్నానని ఆయన స్వయంగా చెప్పుకున్నారు. "ప్రహ్లాద భక్తి విజయం" ఆరంభంలోనూ రామదాసును స్తుతించారు. మన పక్క కోటలో పుట్టిన పాట కావేరిదాకా వెళ్ళి, త్యాగయ్యగారి గొంతులో మరింత పండి, మూడువందల ఏళ్ళకు తిరుచ్చి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన వారి చేతుల్లో మళ్ళీ మన రోడ్డుకే తిరిగొచ్చింది. ఈ సంగతి ఆ ఏటి ఆరాధనలో చెప్పి, మొదటి పాట రామదాసు కీర్తన ఉండాలని ప్రతిపాదించాను. శాస్త్రీయ సంగీతంలో భజన కలపడమేమిటని కొందరు ముఖం చిట్లించారు. మామిగారే, "గురువుగారే విన్నానన్నాక మనకేం అభ్యంతరం?" అని తేల్చేశారు. ఇంద్రేశం భజన సమాజం వారు చిరుతలతో సహా వచ్చి పాడారు. వారి పాట అయ్యాక కుంభకోణం ఆయన లేచి వెళ్ళి ఆ చిరుతలు చేతిలోకి తీసుకుని వాయించి చూశారు. శ్రీరామనవమి సాయంత్రం రామదాసు కీర్తనలు పాడటం కూడా మనకు అప్పటి నుంచే అలవాటు.

ఊళ్ళ పేర్లు చూడండి. హైదరాబాదు రాంకోటిలోని ప్రభుత్వ సంగీత కళాశాల త్యాగరాజస్వామి పేరిట ఉంటే, సికింద్రాబాదులోనిది భక్త రామదాసు పేరిట ఉంది. 2017లో ఖమ్మం జిల్లాలో ప్రారంభమైన ఎత్తిపోతల పథకానికి కూడా భక్త రామదాసు పేరే పెట్టారు. శిస్తు సొమ్ము గుడికి పెట్టిన తహసీల్దారు పేరు నీటిపారుదల పద్దులోకి ఎక్కింది.

అన్నమయ్యగారి సంగతి వేరు. ఆయన తిథి రాగిరేకు మీద చెక్కి ఉంది: దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే 1503 ఫిబ్రవరి 23. అంత స్పష్టంగా రాసి ఉన్నా, ఆ రేకులు తిరుమల గుడిలో ఒక అరలో మూతబడి ఉండి, 1922 ప్రాంతంలో గాని బయటపడలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వాటిని చదివి అచ్చువేయించారు. 1978లో దేవస్థానం వారు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక ఇంటింటికీ క్యాసెట్లు వచ్చాయి. అందుకే మా చిన్నతనంలో అన్నమయ్య ఉత్సవం అన్న మాటే వినలేదు, మా మనుమలకు మాత్రం అది తరతరాల ఆచారం. 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో లక్ష గళ సంకీర్తనార్చన జరిగినప్పుడు మన కాలనీ నుంచి రెండు బస్సులు వెళ్ళాయి. లక్షన్నరకు పైగా జనం ఒకేసారి ఏడు సంకీర్తనలు పాడారు. ఎండకు మా ఆవిడ చీర కొంగు తడిపి నెత్తిన వేసుకుంది. గొప్ప దృశ్యమే, కాదనను. అయినా నాకు హాలులో ముప్ఫై మంది పాడితేనే ఒక్కొక్కరి గొంతు వేరుగా వినిపిస్తుంది.

అమెరికాలో క్లీవ్‌లాండు నగరంలో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. అక్కడ జనవరిలో మంచు, సెలవులు దొరకవు. అందుకని ఈస్టరు సమయంలో జరుపుతారు. మన సభ్యుల పిల్లలు కొందరు అక్కడికి వెళ్ళి పాడి వచ్చారు కూడా. తిథి మారితే స్వామి వినరని ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరూ అనలేదు.

కనుక ఈసారి సమావేశంలో నా ప్రతిపాదన ఇది. పంచమినాటి ఉదయం గోష్ఠిని, అది ఏ వారమైనా సరే, పూర్వంలాగే ఆడవారు నడపాలి. ఇప్పుడు మనకు షిఫ్టులు లేవు కాబట్టి మగవాళ్ళం వెనుక వరుసలో కూర్చుని తాళం వేద్దాం, పులిహోర వడ్డన మనం చూసుకుందాం. ఆదివారం కచేరీ పిల్లలకు వదిలేయాలి. రెండింట్లోనూ మొదటి పాట రామదాసుగారిదే. క్వార్టర్లు సగం ఖాళీ అయిన మాట నిజమే. సంగారెడ్డి, బీరంగూడ, చందానగర్ వైపు స్థిరపడిన వారు పొద్దున్నే రావడం కష్టం కనుక ఉంఛవృత్తి ఆరున్నరకు మొదలుపెడితే సరిపోతుంది.

ఇంకొక మనవి. మొదటి ఏటి ఆరాధనలో, వరండాలో తీసిన నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉండేది. అందులో మామిగారు తలుపు పక్కన హారతి పళ్ళెంతో నిలబడి ఉంటారు. ఆమె 2011లో పోయారు, వారి అమ్మాయి ఆ ఫోటో అడుగుతోంది. ఎవరి దగ్గరైనా ప్రతి ఉంటే సంఘం కార్యాలయంలో ఉదయం పది నుంచి పన్నెండు మధ్య అందజేయగలరు. కాపీ తీయించి తిరిగి ఇచ్చేస్తాం.